పాత పెంకుటిల్లు కొనేముందు మాకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

పల్లెలో ఒక పాత పెంకుటిల్లు కొన్నాం. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఏం కొంటున్నామో తెలిసి కొన్నామని ధైర్యంగా అనగలుగుతున్నామంటే అది కొందరి చలవ. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ వారిలో ఇద్దరు "మా పేర్లు ఎక్కడా రాయకండి" అని ముందే అన్నారు. వాళ్లను వదిలి మిగతావారి పేర్లు రాస్తే బాగుండదు. అందుకని అందరినీ వారు చేసిన పనితోనే తలుచుకుంటున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. పాత ఇల్లు కొనాలనుకునేవారు ఎవరైనా చదివితే, వాళ్లు మాకు చెప్పిన సంగతులు మరొకరికి పనికొస్తాయి.

మొదటి నమస్కారం కట్టడాన్ని తనిఖీ చేసిన ఇంజనీరు గారికి. బేరం ఖాయం కాకముందే, బయానా ఇవ్వకముందే ఆయన్ను పిలిచాం. ఇల్లు కొనవచ్చా, కొనకూడదా అని అడిగితే ఆయన సూటిగా జవాబు చెప్పలేదు. "అది మీరు తేల్చుకోవలసిన విషయం. ఏది వెంటనే చేయాలి, ఏది ఆగుతుంది, ఏది ఎప్పటికీ ఇలాగే ఉంటుంది, ఈ మూడూ నేను రాసి ఇస్తాను" అన్నారు. ఇచ్చిన నివేదిక కూడా సరిగ్గా అలాగే ఉంది. ఇంటి వయసు గురించి అందులో ఒక్క ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదులన్నీ తర్వాతి కాలంలో ఇంటిని "బాగు చేసిన" వారి మీదే. మా బంధువుల్లో కొందరు ఇల్లు చూడకుండానే, కూలగొట్టి కొత్తది కట్టుకోండని సలహా ఇచ్చేశారు. వారికి ఈ నివేదిక చదవమని ఇచ్చాను. ఇంకా చదువుతూనే ఉన్నారు.

ఆయన లోపలికి రావడానికి ముందు ఇంటి చుట్టూ తిరిగారు. వెనక వైపు నేల కాలక్రమంలో మెరక అయి, గదిలోని గచ్చు కంటే జానెడు ఎత్తున ఉంది. ఎవరో వాకిలి చదును చేయడానికి మట్టి పోయించారు, ఆ తర్వాత మరొకరు దాని మీద సిమెంటు చప్టా వేయించారు. చూరు నీళ్లు ఆ చప్టా మీద పడి, వాలు లేక, గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. లోపల గోడకు నెమ్ము ఎందుకు ఎక్కుతోందో గోడను ముట్టుకోకముందే ఆయనకు అర్థమైపోయింది.

అయినా ముట్టుకున్నారు. ఆయన చేతిలో ఉన్న తేమ మీటరుకు రెండు సన్నటి సూదులుంటాయి. ఆ మీటరు చెక్క కోసం చేసినది. చెక్క మీద అది చూపే శాతాన్ని నమ్మవచ్చు. గోడ మీద మాత్రం అది శాతం కింద లెక్క కాదు, ఒక చోటికీ ఇంకొక చోటికీ తేడా తెలుసుకోవడానికి మాత్రమే. పైగా గోడలో ఉప్పు పేరుకుని ఉంటే ఉన్న తేమ కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇదంతా ఆయన చెబుతూనే నేల దగ్గర నుంచి జానెడు జానెడు ఎత్తున సూదులు గుచ్చుతూ, ప్రతి చోటా సుద్దముక్కతో అంకె రాస్తూ పోయారు. ఛాతీ ఎత్తు దాటాక అంకె ఒక్కసారిగా పడిపోయింది. అక్కడ గీత గీశారు. సరిగ్గా ఆ గీత దగ్గరే రంగు కింద తెల్లటి ఉప్పు పొడి వేలికి అంటింది. నేలలోని నీరు గోడ సన్నటి రంధ్రాల గుండా పైకి ఎక్కి, ఆరిన చోట తనతో తెచ్చిన ఉప్పును వదిలిపోతుందట. సాధారణంగా అది మీటరు ఎత్తు అటూ ఇటూ ఆగిపోతుంది. ఆరే దారి మూసేస్తే ఇంకా పైకి పాకుతుంది.

మా ఇంట్లో ఆ దారి మూసింది సిమెంటు పూత. యజమాని గారి అనుమతి అడిగి, తలుపు వెనక అరచేయంత మేర పూత చెక్కించారు. లోపల సున్నం, ఇటుక. ముట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉంది. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూయడమంటే తడి ఒంటి మీద రెయిన్‌కోటు తొడగడమే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఇంగ్లండులో పేటెంటు పొందింది 1824లో. అది ఊళ్లకు చేరేసరికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకు ముందు కట్టినవన్నీ సున్నంతోనో మట్టితోనో కట్టినవే. ఆ గోడలు గాలి ఆడితేనే బతుకుతాయి. గట్టిగా ఉంటుంది కదా అని సిమెంటు పూయించిన మనిషి మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు. కానీ పెచ్చులు ఊడుతున్న ప్రతిసారీ ఇంకో పొర సిమెంటు పూయించడాన్ని మాత్రం నేను క్షమించలేకపోతున్నాను.

గోడలోకి మందు ఎక్కిస్తే నెమ్ము పోతుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజనీరు గారు రాసిన వరస వేరు. ముందు బయట పోసిన మట్టి, చప్టా తీసేయాలి. నేలను గోడకు దూరంగా వాలేలా సవరించాలి. ఆ తర్వాత లోపలి సిమెంటు పూత తీసి గోడను ఆరనివ్వాలి. ఆరాకే సున్నం పూత. ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున పడుతుందని పనివాళ్లు వేసుకునే మోటు లెక్క ఒకటుంది. పద్దెనిమిది అంగుళాల గోడకు ఏడాదిన్నర అన్నమాట. వచ్చే నెలలోనే రంగులు వేసుకుని దిగిపోదామనుకునేవారికి ఈ లెక్క రుచించదు. మాకు తొందర లేదు కనుక సరిపోయింది.

రెండో నమస్కారం పైకప్పు చూసిన వడ్రంగి పెద్దాయనకు. చూడ్డానికి వచ్చినవారంతా నడిగదిలో నిలబడి తలెత్తి దూలాన్ని చూసి, "అబ్బ, ఎంత గట్టి చెక్కో" అని మురిసిపోతారట. ఆయన దూలం మధ్య వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నిచ్చెన వేయించుకుని నేరుగా దూలం చివరలు గోడలోకి దిగే చోటికి ఎక్కారు. చెక్కలో తేమ ఇరవై శాతానికి లోపు ఉన్నంతకాలం బూజు జాతి దాన్ని కుళ్లబెట్టలేదు. అందుకే గాలి ఆడే మధ్యభాగం తరాల తరబడి నిలుస్తుంది, తడి గోడలో కూరుకుపోయిన కొన మాత్రం ఎవరికీ కనిపించకుండా మెత్తబడుతుంది. ఆయన స్క్రూడ్రైవరు మొనతో ఒత్తుతూ వెళ్లారు. మూడు దూలాలకు మొన దిగలేదు. వెనక గదిలోని దూలానికి గోడ వైపు కొన దగ్గర పిడి వరకూ దిగింది. పైనుంచి ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవరు అలాగే గుచ్చి వదిలేసి, నన్ను నిచ్చెన ఎక్కి చూడమన్నారు.

దూలం మొత్తం మార్చాల్సిన పని లేదని చెప్పింది కూడా ఆయనే. కుళ్లిన మేరకు కోసి, మంచి చెక్క అతికి, ఇనుప పట్టీలతో బిగించవచ్చునట. కొనను గోడలో మళ్లీ సిమెంటుతో పూడ్చకూడదు, చుట్టూ గాలి ఆడేలా సందు వదలాలి. కొత్త దూలం అమ్ముకునే అవకాశం చేతిలో ఉండి కూడా ఆ మాట చెప్పినందుకు ఆయనకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం.

చెద విషయంలో ఆయన నేర్పిన కిటుకు ఒకటి రాసి తీరాలి. గోడ మీద పెన్సిలు మందాన మట్టి గొట్టాలు కనబడగానే మందు కొట్టించేయకండి. ఒక చోట అంగుళం మేర గొట్టం విరగ్గొట్టి కొన్నాళ్లు ఆగి చూడండి. మళ్లీ పూడ్చుకుంటే చెద లోపల ఉన్నట్టే. పూడ్చకపోయినంత మాత్రాన లేదని ధీమాగా ఉండకూడదు, ఇంకో దారి పట్టి ఉండవచ్చు. పుచ్చు రంధ్రాలకూ ఇలాంటి పరీక్షే. కింద నల్ల కాగితం పరిచి ఉంచితే, పురుగు ఇంకా పని చేస్తుంటే తాజా పొడి రాలుతుంది. పాత రంధ్రాలు చూసి భయపడినవారు చాలామంది, అవి పురుగులు ఎప్పుడో ఖాళీ చేసి పోయిన ఇళ్లు.

ఇక పగుళ్లు. కొనేవారిని అన్నిటికంటే బెదరగొట్టేవి ఇవే, అమ్మేవారు అన్నిటికంటే తేలిగ్గా కొట్టిపారేసేవీ ఇవే. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ పగుళ్లను వెడల్పును బట్టి తరగతులుగా విడదీసింది. అయిదు మిల్లీమీటర్ల లోపువి పూతతో సరిపెట్టుకోవచ్చు. అయిదు నుంచి పదిహేను వరకూ ఉంటే కారణం వెతకాలి, కొంత గోడ మళ్లీ కట్టాల్సి రావచ్చు. ఇరవై అయిదు దాటితే ఇంటి నిలకడే ప్రశ్న. వెడల్పుతో పాటు ఆకారం కూడా చూడాలని ఇంజనీరు గారు చెప్పారు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతూ, పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే పగులు అంటే గోడ ఆ చివర పునాది దిగిందని అనుమానించాలి. లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు ఉంటే పగులు పాతది. అంచులు తెల్లగా, పదునుగా ఉంటే కొత్తది, ఇంకా కదులుతూ ఉండవచ్చు. వెనక గది పగులు ఏ జాతిదో తేల్చడానికి దానికి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించి, తేదీ రాసిపెట్టారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. మంచి వానలు పడి వెలిశాక కూడా గాజు చెక్కుచెదరలేదు.

అంతకాలం ఆగనిచ్చిన యజమాని గారికి ఇక్కడే కృతజ్ఞతలు చెప్పాలి. పూత చెక్కుతామంటే, గాజు అతికిస్తామంటే, వానలు వెలిసేదాకా ఆగుతామంటే విసుక్కోకుండా తాళం చెవి మా చేతికిచ్చారు. వెనక వాకిట్లో ఒక ఏడు మోకాలి లోతు నీళ్లు నిలిచిన సంగతి కూడా ఆయనే చెప్పారు. చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. నివేదిక ఆయన ముందు పెట్టి ధర తగ్గించమని అడిగినప్పుడు, ప్రతి అంశం చదివి, రెండు చోట్ల వాదించి, మిగిలినవి ఒప్పుకున్నారు.

భూమి కొలిచిన సర్వేయరు గారి పని ఇంటి తనిఖీతో సంబంధం లేని వేరే పని. చాలామంది రెండూ ఒకటే అనుకుని ఒకటి చేయించి ఊరుకుంటారు. నాలుగు వైపులా కొలతలు పత్రంతో సరిపోయాయని మేం సంతోషిస్తుంటే, ఆయన ఎదురుమూలల మధ్య కూడా టేపు పట్టించారు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన స్థలం ఆకారం తేలదట. అరవై, నలభై అడుగుల స్థలం మూలమట్టంగా ఉంటే ఎదురుమూలల మధ్య 72 అడుగుల పైచిలుకు రావాలి. అది 80 అడుగులు వచ్చిందనుకోండి, భుజాలు అవే ఉన్నా విస్తీర్ణం 2400 నుంచి 2324 చదరపు అడుగులకు పడిపోతుంది. మాది అంత వంకర కాదు. కానీ పక్క గోడ ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పత్రంలో "గోడ వరకు" అని మాత్రమే ఉంది, గోడ లోపలి అంచా, బయటి అంచా, మధ్యా అన్నది లేదు. పద్దెనిమిది అంగుళాల గోడకు అది చిన్న తేడా కాదు. మా చూరు నీళ్లు ఎవరి నేల మీద పడుతున్నాయన్నది ఇంకో చిక్కు.

ఆ చిక్కు విడదీసింది పక్కింటి పెద్దావిడ. సర్వేయరు గారు రాళ్లు పాతే చోట తానూ వచ్చి నిలబడి, గోడ ఉమ్మడిదనీ, చూరు నీటికి మూరెడు జాగా ఎప్పటినుంచో వదిలి ఉందనీ చెప్పి, పటం మీద సంతకం పెట్టారు. మేం కూడా పెట్టాం. "వాన పడుతున్నప్పుడు వచ్చి చూడండి, ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది" అని మాకు మొదట చెప్పింది కూడా ఆవిడే.

మిగిలినవి క్లుప్తంగా. కరెంటు తీగలు చూసినతను ఎర్త్ లేదని తేల్చి, మొత్తం మార్చి, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చి పెట్టమన్నాడు. పెరటి కొట్టం మీది పాత రేకులు ఆస్‌బెస్టాస్‌వి కావచ్చని, వాటికి రంధ్రాలు వేయవద్దని, విరగ్గొట్టవద్దని, తెలిసినవారితో తడిపి అఖండంగా దింపించమని ఇంజనీరు గారు హెచ్చరించారు. బావి నీరు పరీక్షకు పంపాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో వంద మిల్లీలీటర్లకు ఒక్క ఈ-కోలై (మలంతో కలుషితమైందని తెలిపే బ్యాక్టీరియా) కూడా కనబడకూడదు. మాకు కనబడింది. బావి శుభ్రం చేయించి మళ్లీ పరీక్ష చేయించేవరకూ ఆ నీరు మొక్కలకే.

నివేదిక ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు అడగండి. చిరునామా, పటం తీసేసి మిగతాది పంచుకోవడానికి ఇంజనీరు గారు ఒప్పుకున్నారు. అందులోని ఫొటోలు అందంగా ఉండవు. సగానికి పైగా గోడ మొదళ్లు, దూలం కొనలే.