మొరం బాట ముచ్చట్లు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మహారాష్ట్రలోని మన సిరోంచ తెలుగువాళ్ల సంఘానికి కార్యదర్శిగా ఇది నా మూడో నివేదిక. మొదటి రెండూ మీలో చాలామంది చదవలేదని సమావేశం రోజు భోజనాల దగ్గర మీరడిగిన ప్రశ్నలతోనే తెలిసిపోయింది. ఈసారి చదువుతారని నా ఆశ. "సంఘం పైసలతోటి పిలగాండ్లు సైకిళ్లేసుకొని షికార్లు తిరుగుడేంది?" అని పోయినేడు లేచిన గొడవకు జవాబు ఇందులో ఉంది.

ముందు మామూలు పనులు. ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగింది, పచ్చడి సరిపోలేదు. బతుకమ్మ ప్రాణహిత ఘాట్ దగ్గర ఎప్పటిలాగే నిండుగా జరిగింది. బడిలో మరాఠీ చదివే మన పిల్లలకు వేసవిలో తెలుగు అక్షరాలు నేర్పే తరగతులు నెల రోజులు పెట్టాం. ఎండలు ముదిరేసరికి పిల్లలు సగమయ్యారు. రక్తదాన శిబిరం వాయిదా పడింది, అందులో తప్పు నాదే.

ఇక సైకిళ్లు.

గ్రావెల్ సైక్లింగ్ అనగానే కొందరు అదేదో విదేశీ ఆట అనుకున్నారు. తారు రోడ్డు వదిలి మొరం బాటలు, బండి బాటలు, వాగు గట్ల మీద దూరం తొక్కడమే అది. ఆ సైకిల్ చూడ్డానికి రేసు సైకిల్ లాగే వంగిన హ్యాండిల్‌తో ఉంటుంది. టైర్ల వెడల్పు మాత్రం 40 మిల్లీమీటర్లు, ఆ పైన. రేసు సైకిల్‌కి 80, 90 పీఎస్‌ఐ గాలి కొట్టేచోట దీనికి 35, 40 చాలు. టైరు కొంచెం మెత్తగా ఉంటే రాయి మీద ఎగిరిపడకుండా దాన్ని అదుముకుని పోతుంది. ఇసుకలోనైతే ఇంకా తగ్గించాలి. మన దగ్గర అలాంటి సైకిళ్లు రెండే ఉన్నాయి. మిగతావాళ్లు గేర్ల సైకిళ్ల మీద, ఇద్దరు మామూలు పాత సైకిళ్ల మీద వచ్చారు. ఆ ఇద్దరే అందరికన్నా ముందు ఊరు చేరిన రోజులూ ఉన్నాయి.

రాళ్లకంటే పల్లేరు కాయలే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. అంకీస దాటాక ఒక్క ఉదయంలో తొమ్మిది పంక్చర్లు. ట్యూబ్ లేని టైర్లలో పోసే ద్రవం చిన్న ముళ్ల రంధ్రాలను దానంతటదే మూసేస్తుంది. అది ఖరీదే అయినా ఈ ఏడాది సంఘం డబ్బుతో కొన్న వాటిలో నాకు పశ్చాత్తాపం లేనిది అదొక్కటే. ఇంకో పాఠం రేగడి నేర్పింది. వాన పడ్డాక నల్లరేగడి బాటలో దిగితే చక్రానికి, ఫ్రేముకు మధ్య మట్టి దిమ్మలా గట్టిపడి సైకిల్‌ని మనమే మోయాల్సి వస్తుంది. అందుకే దసరా వెళ్లేదాకా మొరం బాటలకే పరిమితం కావాలని తీర్మానించుకున్నాం.

ఎక్కువగా తిరిగింది తూర్పు వైపు, అంకీస, ఆసరెల్లి దారుల్లో. వడధం శిలాజాల పార్కుకు మూడుసార్లు వెళ్లాం. చెట్టు బెరడు గీతలతో సహా రాయిగా మారిన దుంగలు అక్కడ చూడొచ్చు. మన తాలూకా పోచంపల్లి (చీరల పోచంపల్లి వేరు) దగ్గర 1950ల చివర, 60ల మొదట్లో తవ్వితే బయటపడిన రాక్షసబల్లి ఎముకలు ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి. తొడ ఎముక మనిషంత పొడుగుండటంతో 'పెద్ద కాలు' అనే అర్థం వచ్చేలా, రవీంద్రనాథ్ టాగోర్ పేరు కలిపి, 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. మా జట్టులో చాలామందికి ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు. యాభై ఏళ్లుగా ఆ పొలాల పక్క నుంచి బస్సులో పోతూనే ఉన్నాం. ఒక కుర్రాడు వడధంలో చిన్న రాతి ముక్క జేబులో వేసుకుని వచ్చాడు. ఇంట్లో తల్లి చూసి, మరుసటి ఆదివారం వాణ్ని మళ్లీ అంత దూరం తొక్కించి, ఎక్కడిది అక్కడ పెట్టించింది. ఆమెను ఈసారి కార్యవర్గంలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి ఒకసారి వెళ్లాం. అడవి బర్రెలుండే కోలామార్క వైపు వెళ్లాలనుకున్నాం గానీ, అటవీ శాఖవాళ్లు సైకిళ్లతో లోపలికి వద్దన్నారు, తిరిగి వచ్చేశాం. వాళ్లు చెప్పింది న్యాయమే. మేడిగడ్డ వంతెన మీదుగా అవతలికి పోయి రావాలన్న పాత ఆలోచన 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పుడే పోయింది.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన మిర్చి గొడవ. ఫిబ్రవరిలో ఒక ఊరి బయట బాట పక్కనే కల్లంలో మిర్చి ఆరబోశారు. ముందు పోతున్న ఇద్దరు మలుపులో అదుపు తప్పి పట్టా మీద నుంచే పోయారు. కాయలు నలిగాయి, మిగతా వాటి మీద దుమ్ము పడింది. "కండ్లు నెత్తికెక్కినయా? ఆర్నెల్ల కష్టం మీకు బాటలెక్క కనవడ్తుందా?" అని ఆ పెద్దమనిషి అరిచాడు. మేం డబ్బు ఇస్తామంటే కోపం ఇంకా పెరిగింది. చివరికి ఆయన భార్య, "పైసలొద్దు, కూసొని తాలు ఏరిపోండ్రి" అంది. పదకొండు మందిమీ మధ్యాహ్నం దాకా కూర్చుని తాలు కాయలు ఏరాం. చేతులు మండి ఆ రోజు హ్యాండిల్ పట్టుకోవడం కష్టమైంది. అయితే ఆ ఇంటికి తర్వాత నాలుగుసార్లు వెళ్లాం, వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చారు.

నాసిక్ సంగతి. జనవరిలో, అంటే ఈ గొడవకు నెల ముందు, ఏడుగురు వెళ్లారు. టికెట్లు, బస, తిండి ఎవరి ఖర్చు వాళ్లదే. సైకిళ్లను విడదీసి మిర్చి గోనెసంచుల్లో కుట్టి రైల్లో వేసుకెళ్లిన కూలి మాత్రం సంఘం ఇచ్చింది. దారిలో ఒక సైకిల్ గేరు వంగింది. సంచులు దింపాక అక్కడివాళ్లంతా తుమ్మారు.

అంత దూరం ఎందుకంటే, నది కోసం. మనకు కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని సముద్రంలా కనిపించే గోదావరి, త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టినప్పుడు చెంబుతో ముంచుకునేంతే ఉంటుంది. 1,465 కిలోమీటర్ల నదిలో మన ఊరివాళ్లం చూసింది చివరి భాగమే కదా. గంగాపూర్ డ్యామ్ చుట్టుపక్కల, దిండోరి వైపు, ద్రాక్ష తోటల మధ్య ఎర్ర మొరం బాటల్లో మూడు రోజులు తొక్కారు. ఇనుప తీగల మీద మన బీర పందిరిలాగే తీగలు పాకించిన తోటలు కొన్ని, వై అక్షరంలా కొయ్యలు చీలిన వరసలు కొన్ని. అక్కడ ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కత్తిరించేది కొత్త కొమ్మల కోసం, అక్టోబరులో కత్తిరించేది కాయల కోసం. మనవాళ్లు వెళ్లేసరికి గుత్తులు నీరు పట్టి మెత్తబడుతున్నాయి. ఎగుమతికి పోయే తోటల్లో గుత్తులకు కాగితం చుట్టి ఉంది.

ఒక తోట దగ్గర రైతు చెయ్యి ఎత్తి "హళూ, హళూ" అన్నాడట. వేగం తగ్గించమంటున్నాడనుకుని మనవాళ్లు తగ్గించారు. ఆయన మాత్రం దిగి నడవమన్నాడు. ద్రాక్ష పండు మీద తెల్లటి పొడి పొర ఒకటి ఉంటుంది, అది చెదరకుండా ఉంటేనే మంచి ధర. దుమ్ము లేస్తే బాట పక్క వరస మొత్తం పాడవుతుంది. ఈ మాట మనవాళ్లు జనవరిలో విని తలలూపి వచ్చారు, ఫిబ్రవరిలో మిర్చి కల్లం తొక్కారు. కల్లం తొక్కిన ఇద్దరిలో ఒకడు నాసిక్ వెళ్లొచ్చినవాడే. ఆ పేరు ఇక్కడ రాయను, వాడు ఇప్పటికే చాలా మాటలు పడ్డాడు.

అంజనేరి అనే అడవి గుట్ట కూడా చూశారు. హనుమంతుడు అక్కడే పుట్టాడని వాళ్లంటారు, తిరుమల అంజనాద్రి అని మనమంటాం. అతిథులుగా వెళ్లాం కాబట్టి వాదన పెట్టుకోవద్దని ముందే చెప్పి పంపాను. మెట్లు మొదలయ్యే చోట సైకిళ్లు వదిలి నడిచి ఎక్కారు. నాసిక్‌లో సైకిల్ అంటే గౌరవం ఉంది. అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరానికి దాటే 'రేస్ అక్రాస్ అమెరికా'ను 2015లో ఇద్దరి జట్టుగా పూర్తి చేసిన డాక్టర్లు హితేంద్ర, మహేంద్ర మహాజన్ అన్నదమ్ములది ఆ ఊరే. ఇక పెద్దలు కొందరు చాటుగా అడిగిన ప్రశ్నకు జవాబు: అవును, ఇద్దరు వైన్ రుచి చూశారు. ఆ ఖర్చు సంఘానిది కాదు.

ఫోటోల్లో నాసిక్ బాగా వచ్చింది. నన్నడిగితే మళ్లీ అంత దూరం అక్కర్లేదు. సంఘానికి పనికొచ్చింది మన చుట్టూ తిరిగిన తిరుగుడే. ఇన్నేళ్లూ మనం ఊళ్లకు జీపులో పోయాం, దుప్పట్లు పంచాం, ఫోటో దిగి వచ్చాం. సైకిల్ మీద పోతే దాహం వేస్తుంది, పంక్చర్ అవుతుంది, ఎవరో ఒకరి అరుగు మీద గంట కూర్చోక తప్పదు. అలా కూర్చున్నప్పుడే తెలిసింది, ఆ ఊళ్లలో తెలుగు చదవగలిగిన ముసలివాళ్లు ఉన్నారని, వాళ్లకు చదవడానికి ఏమీ దొరకడం లేదని. ఒకాయన పచారీ పొట్లం కట్టిన తెలుగు పేపరు ముక్కను మడిచి దాచుకున్నాడు. అప్పటినుంచి ప్రతి సైకిల్ సంచిలో పాత వారపత్రికలు, పిల్లల కథల పుస్తకాలు పెడుతున్నాం. మీ ఇళ్లలో ఉన్నవి ఇవ్వండి, చెదలు పట్టినవి వద్దు.

ఆడవాళ్లు మొదట్లో రాలేదు. తెల్లవారి ఐదుకు బయలుదేరితే ఎలా వస్తామని అంగన్‌వాడీ టీచరమ్మ అడిగింది. ఎనిమిదికి మార్చాక ఆమెతో పాటు ముగ్గురు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. ఇంత చిన్న మార్పుకు ఐదు నెలలు పట్టింది మాకు.

ఒక ప్రమాదం జరిగింది. వాగులోకి దిగే వాలులో ముందు బ్రేకు గట్టిగా పట్టడంతో ఒక సభ్యుడు తలకిందులుగా పడి భుజం దగ్గర ఎముక విరిగింది. హెల్మెట్ పగిలింది, తల దక్కింది. ఆరు వారాలు పట్టీతో ఉన్నాడు. ఆ రోజు మా అందరికీ టెన్షన్ అంతా ఇంతా కాదు, ఫోన్ సిగ్నల్ కోసం ఇద్దరు గుట్ట ఎక్కాల్సి వచ్చింది. ఇకపై హెల్మెట్ లేనివాళ్లను వెనక్కి పంపుతాం. సాయంత్రం నాలుగు దాటాక అడవి బాటలో ఉండకూడదు. బయలుదేరే ముందు పోలీసులకు, అటవీ శాఖకు దారి చెప్పి పోవాలి. కల్లం కనిపిస్తే దిగి నడవాలి.

జమాఖర్చులు కోశాధికారి సమావేశంలో చదువుతారు. బీమా చేయించాలా, పల్లెటూళ్లకు పుస్తకాల పెట్టెలు పెట్టాలా, రెండూ చేసేంత డబ్బు లేదు కాబట్టి మీరే తేల్చాలి. నా ఓటు ముందు బీమాకే.

చివరిగా ఒక మనవి. సంఘం కొన్న రెండు పెద్ద గాలి పంపుల్లో ఒకటి దీపావళి నుంచి కనబడటం లేదు. ఎవరింట్లో ఉన్నా సమావేశానికి తెచ్చి తలుపు పక్కన పెట్టేయండి, ఎవరు తెచ్చారని అడగం.

ఇట్లు,
కార్యదర్శి, సిరోంచ