ఎక్కిన గేరులోనే దిగమ్మా

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఎవరెస్టు బేస్ క్యాంపు నడకకని షూలు కొన్నావు, జాకెట్ కొన్నావు, రోజూ మెట్లెక్కి దిగుతున్నావు. ఒంటి సంగతి నువ్వు చూసుకుంటావులే. నేను రాసేది మనసు సంగతి. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావని కాగితం తీశాను.

మీ గ్రూపువాళ్లు ఇచ్చిన ప్లాను చదివాను. విమానం దిగే లుక్లా 2,860 మీటర్లు, నామ్చే బజార్ 3,440, డింగ్‌బోచే 4,410, చివరికి ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364. అంత ఎత్తున ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన బెజవాడలో అందేదాంట్లో సగమే. అందుకే ఒళ్లు ఆ గాలికి అలవాటు పడాలని నామ్చేలో ఒకరోజు, డింగ్‌బోచేలో ఒకరోజు ఆపుతారు. ఆ రోజు కాస్త పైకి నడిపించి, మళ్లీ కిందికే తెచ్చి పడుకోబెడతారు. ఎక్కిందంతా దిగడమేంటని నీకు చిరాకొస్తుంది. నీ సంగతి నాకు తెలియదా, పెళ్లికెళ్తే తాళి కట్టేదాకా కుర్చీలో నిలవవు!

కాబట్టి ముందు విసుగు అలవాటు చేసుకో. వినాయక చవితికి వచ్చినప్పుడు పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి పోదాం. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే. ఈ చివర్నుంచి ఆ చివరికి కిలోమీటరు పైమాటే. 70 గేట్లూ లెక్కపెట్టేశాక చూడ్డానికి ఇంకేమీ ఉండదు, సీతానగరం కొండ కూడా పాతబడిపోతుంది. అప్పట్నుంచి ఇంకో గంట నడుద్దాం. అసలు ప్రాక్టీసు ఆ గంటే.

శ్రీశైలం బస్సు నడిపిన రోజుల్లో, దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి ఎవరో ఒకరు "డ్రైవరుగారూ, కాస్త లాగించండి, దర్శనం టైమైపోతోంది" అనేవాళ్లు. నేను అద్దంలోకి కూడా చూసేవాణ్ణి కాదు. మీ గ్రూపులోనూ అలాంటివాళ్లుంటారు. గంట ముందే చేరిపోయి, టీ తాగుతూ నిన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే అదే నీ స్పీడు. మాట తెగి ఆయాసం వచ్చిందా, గేరు తగ్గించు. దిగేటప్పుడూ అంతే. ఎక్కిన గేరులోనే దిగాలని మాకు మొదట్లోనే నూరిపోస్తారు, న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు కాలిపోయి పట్టవు. బేస్ క్యాంపు చేరాక పనైపోయిందనిపిస్తుంది నీకు. లుక్లా దాకా వెనక్కి నడవాల్సింది అంతా అలాగే ఉంటుంది, మోకాళ్లు మాత్రం అప్పటికే అలిసిపోయి ఉంటాయి.

ఇంకోటి. బేస్ క్యాంపు నుంచి ఎవరెస్టు శిఖరం కనపడదు, పక్క కొండలు అడ్డం. చూడాలంటే కాలాపత్తర్ ఎక్కాలి, అక్కడా మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. శిఖరం ఎక్కేవాళ్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తారు గనుక, నువ్వెళ్లే అక్టోబరులో ఫొటోల్లో చూసినన్ని టెంట్లు కూడా ఉండవు. రాళ్లూ, మంచూ. ఇంత దూరం ఇందుకా వచ్చింది అని ఏడుపొస్తే రానీ, కంగారు పడకు.

పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది, మన పిల్లకేం అంటోంది మీ అమ్మ. నిజమే. నాకు మాత్రం నెల్లూరు మల్లి మస్తాన్ బాబు గుర్తొస్తాడు. 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015లో ఆండీస్ కొండల్లో పోయాడు. భయపెట్టడానికి చెప్పట్లేదు తల్లీ. తలనొప్పొస్తే దాచకూడదని చెబుతున్నాను. తలనొప్పికి వికారం తోడైతే ఇక పైకి ఒక్క అడుగు వెయ్యకు, తగ్గకపోతే దిగు. ఊరికే కూర్చున్నా ఆయాసం ఆగకపోతే, నడక తూలితే, అర్ధరాత్రైనా సరే, తోడు తీసుకుని దిగాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుని వయసూ జిమ్మూ ఆపలేవు.

చిక్కేంటంటే, అలాంటప్పుడు బుర్ర సరిగ్గా పనిచెయ్యదు. పైగా అంత డబ్బు పోశాం, ఇంకొక్క రోజే కదా అనిపిస్తుంది. అందుకని ఆ నిర్ణయం ఇప్పుడే, బెంగళూరులో ఫ్యాను కింద కూర్చుని తీసుకో. ఏమేం జరిగితే వెనక్కి తిరుగుతావో నీ చేత్తోనే రాయి. ఒక కాగితం గైడుకివ్వు, ఒకటి అక్కడ నీ గదిలో ఉండే మీ గ్రూపు అమ్మాయికివ్వు, ఒకటి నాకు పంపు. ఆ ఇద్దరూ దిగమన్నప్పుడు వాదన పెట్టుకోనని కూడా అందులోనే రాయి.

మబ్బు పడితే లుక్లా విమానాలు ఆగిపోతాయి, లీవు రెండ్రోజులు ఎక్కువే పెట్టు. మీ అమ్మ కందిపొడీ గోంగూర పచ్చడీ కట్టే పనిలో ఉంది. కిలో దాటొద్దన్నాను, వినేలా లేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న