కిటికీ లేని విండో సీటుకు అదనపు రుసుము తీసుకోవడంపై ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ రిలేషన్స్ విభాగం వారికి,

విషయం: హైదరాబాద్–తిరుపతి విమానం, 11ఏ సీటు. విండో రుసుము వాపసు, సీట్ మ్యాపు సవరణ గురించి.

అయ్యా,

తిరుపతిలో టికెట్లు బుక్ చేసే మేము ఒక పెద్దామె తరఫున ఇది రాస్తున్నాం. దిగేటప్పుడు ఏడుకొండలు చూడాలని ఆమె కోరిక. మీ మ్యాపులో 11ఏ విండో అని ఉంటే 400 రూపాయలు అదనంగా కట్టి తీసుకున్నాం. తీరా కూర్చుంటే పక్కన ఉన్నది తెల్లటి ప్లాస్టిక్ గోడ. ముందు వరుస కిటికీ అంచైనా కనబడాలంటే వంగి మెడ తిప్పాలి, నడుముకు బెల్టు బిగించాక ఆ వయసులో అదీ కుదరదు. అడిగితే మీ సిబ్బంది "ఈ విమానం ఇంతేనమ్మా" అన్నారట.

విమానం అంతే, నిజమే. అది మీకు ముందే తెలుసు కదా అన్నదే మా ఫిర్యాదు. ఈ బోయింగ్ 737-800 రకం విమానంలో రెక్కకు కాస్త ముందు, ఎడమ గోడ లోపలి నుంచి ఏసీ గాలి గొట్టం విమానం అడుగు నుంచి పైకప్పుకు వెళ్తుంది. అందుకే అక్కడ కిటికీ పెట్టరు. ఫ్యాక్టరీలోనే ఖాయమైన గోడ అది, రోజుకో చోటికి మారదు.

మిగతా వరుసల సంగతి కూడా చూడండి. 737లో కిటికీలు సుమారు 20 అంగుళాలకొకటి వస్తాయి. సీట్ల వరుసలు 30 అంగుళాలకొకటి వేస్తే రెండు వరుసలకు మూడు కిటికీలు. ఒక వరుసలో కిటికీ కంటికి ఎదురుగా వస్తే తర్వాతి వరుసలో రెండు కిటికీల నడిమి గోడ వస్తుంది. వరుసలను 29కి దగ్గర చేశారంటే ఆ లెక్కా తప్పి ఒక్కో వరుసకు ఒక్కో తీరు. సీట్లు బిగించింది మీరే కాబట్టి ఎక్కడ ఏం కనబడుతుందో కొలిచి చెప్పాల్సింది కూడా మీరే.

రెక్క మీది వరుసల్లో కిటికీ ఉంటుంది గానీ కింద నేల కనబడదు. ఎయిర్‌బస్ ఏ320 విమానంలో సుమారు 10 నుంచి 18వ వరుస దాకా ఇదే పరిస్థితి. రెక్క వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం నీళ్లలో చూసినట్టు కదులుతుంది. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో రెక్క పైన ఉంటుంది కనుక కిందికి చూపు బాగుంటుంది, ప్రొపెల్లర్ పక్క వరుసలు తప్ప. అందుకే చివరి నిమిషంలో విమానం మార్చి అదే సీటు నంబరు ఉంచితే, ప్రయాణికుడు కొన్నది పోయినట్టే.

తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. విమానం పడమటి నుంచి దిగితే కొండ ఎడమ చేతి వైపు, తూర్పు నుంచి దిగితే కుడివైపు ముందుగా కనబడుతుంది. ఎటు నుంచి దిగాలన్నది గాలిని బట్టి ఆ పూట తేలుతుంది, దానికి మిమ్మల్ని అనడం లేదు. ఉదయం దక్షిణానికి వచ్చే విమానంలో ఎడమ వైపు ఎండ కళ్లలో కొడుతుందని కూడా మేమే చెప్పి ఇస్తాం. గోడకు మాత్రం గాలితోనూ ఎండతోనూ పని లేదు.

400 రూపాయలు ఆమె ఖాతాకు వాపసు చేయండి. కిటికీ లేని సీట్లను, రెక్క మీది సీట్లను మ్యాపులో విడివిడిగా గుర్తు పెట్టి చూపండి. గోడ పక్క సీటుకు విండో ధర తీసేయండి. విమానం మారితే డబ్బు అడగక ముందే తిరిగివ్వండి. ఇదే విషయంపై 2025 ఆగస్టులో అమెరికాలో రెండు విమాన సంస్థల మీద దావాలు పడ్డాయి. ఇక్కడ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

జతపరిచినవి: బోర్డింగ్ పాస్, రుసుము రసీదు, సీటు పక్క గోడ ఫోటో.

ఇట్లు,
టికెట్ బుకింగ్ ఏజెంట్లు, తిరుపతి