ఒప్పందానికి ముందే ఊరివాళ్లను పిలవాలి

సంపాదకులకు నమస్కారం.

కేంద్రం 2015 జూన్‌లో మొదలుపెట్టిన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. 2016 సెప్టెంబరు జాబితాలో చోటు దక్కిన తిరుపతికి ఆ పద్దు కింద ఇక కొత్తగా నిధులు రావు. ఆ డబ్బుతో కట్టినవాటి నిర్వహణ ఖర్చు మాత్రం ఏటా మన నెత్తినే ఉంటుంది. కాబట్టి ఇకమీదట నగరంలో ఏ పెద్ద పని తలపెట్టినా ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, అంటే పీపీపీ, అన్న మాటే ముందుగా వినిపిస్తుంది. ఆ పద్ధతిని గంపగుత్తగా తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒప్పందం రాసుకునేటప్పుడు ఊరివాళ్లను ఎవరూ అడగకపోవడం, సంతకాలయ్యాక ఆ కాగితం వాళ్ల కంట పడకపోవడం గురించే ఈ లేఖ.

టెండరు పిలిచి, పని చేయించుకుని, బిల్లు చెల్లిస్తే అది కాంట్రాక్టు అవుతుందే తప్ప భాగస్వామ్యం కాదు. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఖర్చును తిరుమల తిరుపతి దేవస్థానం, స్మార్ట్ సిటీ సంస్థ పంచుకున్నాయి. ప్రైవేటు సంస్థ కట్టి ఇచ్చింది, అంతే. భాగస్వామ్యం అనాలంటే ప్రైవేటు సంస్థ సొంత పెట్టుబడి పెట్టాలి, నష్టభయంలో కొంత తలకెత్తుకోవాలి, సేవ సరిగా అందిస్తేనే డబ్బు అందుకోవాలి. విజయ్ కేల్కర్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 2015లో ఇచ్చిన నివేదిక కూడా, ఖజానాకు ఎంత కలిసొచ్చిందన్న దానికన్నా ప్రజలకు ఎలాంటి సేవ అందిందన్నదే చూడాలనీ, ఏ నష్టభయాన్ని ఎవరు మోయగలరో తేల్చి వాళ్లకే అప్పగించాలనీ చెప్పింది.

అందుకు మంచి ఉదాహరణ మన అలిపిరి డిపోలోనే ఉంది. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్‌లో తిరుగుతున్న విద్యుత్ బస్సులు ఆర్టీసీ కొన్నవి కావు. బస్సు, డ్రైవరు, మరమ్మతులు ప్రైవేటు సంస్థ బాధ్యత. టికెట్ల రాబడి ఆర్టీసీది. తిరిగిన కిలోమీటరుకు ఇంతని ఆర్టీసీ చెల్లిస్తుంది. బస్సు షెడ్డులో నిలబడిపోతే ఆ రోజు బిల్లు లేదు. అందువల్ల బండిని కండిషన్‌లో ఉంచుకోవలసిన అవసరం ఎవరూ చెప్పకుండానే ఆ సంస్థకు ఉంటుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు పడినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది కనుక మన ఘాట్ రోడ్డు ఈ బస్సులకు కలిసొచ్చింది కూడా. (డ్రైవర్ల జీతం, పని గంటలు ఆ కిలోమీటరు లెక్కలో ఎక్కడ ఇమిడాయన్నది వేరే ప్రశ్న, అదీ అడగవలసిందే.)

చెత్త దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. టన్నుకు ఇంతని చెల్లించే ఒప్పందం ఏ ఊళ్లో కుదిరినా, వేబ్రిడ్జి మీద అరటి తొక్కకూ, ప్లాస్టిక్ కవరుకూ, కాలువలోంచి తోడిన పూడిక మట్టికీ, ఇటుక ముక్కకూ ఒకటే ధర. చెత్త తగ్గితే గుత్తేదారుకు ఆదాయం తగ్గుతుంది. వేరు చేయిస్తే శ్రమ పెరుగుతుంది. పొద్దున్నే తడి చెత్త ఒక డబ్బాలో, పొడి చెత్త ఇంకో డబ్బాలో తెచ్చి ఇచ్చిన ఇల్లాలు, బండిలో ఆ రెండూ ఒకే గుట్టగా పడటం చూశాక మర్నాడు రెండు డబ్బాలు ఎందుకు పెడుతుంది? తప్పు ఆమెదీ కాదు, బండి మీద నిలబడిన కార్మికుడిదీ కాదు. చెల్లింపు షరతు అలా రాసినవాళ్లది. వేరు చేసి తెచ్చిన చెత్తకు ఎక్కువ, చివరికి డంపింగ్ యార్డులో మిగిలే దానికి కోత అన్న షరతు ముందే రాసుకుంటే, ఇదే గుత్తేదారు ఇదే బండితో వేరేలా పనిచేస్తాడు. చెత్త ఏరుకుని బతికేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. ఒప్పందం రాసేటప్పుడు వాళ్లలో ఒక్కరినైనా కూర్చోబెట్టుకుంటే ఏ వీధిలో ఏ రకం చెత్త వస్తుందో నోటి లెక్కగా చెప్పేస్తారు.

అడగకుండా చేస్తే ఏమవుతుందో రాష్ట్రమంతా చూసింది. 2021లో ఇంటింటి చెత్త సేకరణకు రుసుము పెట్టారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, కట్టడానికి మొరాయించారు, 2024లో ప్రభుత్వమే రద్దు చేసింది. రుసుము పోయినా సేకరణ ఖర్చు ఎక్కడికీ పోలేదు. అది మున్సిపాలిటీల మీదే పడింది.

ఇక లాభం రాని పనుల మాట. పార్కింగు, దుకాణ సముదాయం, బస్టాండు అంటే పెట్టుబడిదారులు వరుస కడతారు. వరద కాలువ కట్టడానికి ఎవరు వస్తారు? 2021 నవంబరులో శేషాచలం మీద కురిసిన వాన మాల్వాడి గుండం నుంచి కపిలతీర్థం మీదుగా ఉరికి వచ్చి వీధులను ముంచెత్తినప్పుడు, ఆ నీటికి దారి లేకపోవడమే మన ప్రధాన సమస్య అని తేలింది. పేరూరు, అవిలాల వంటి చెరువులకు నీళ్లు చేర్చే వంకలను కాపాడటానికి టికెట్ పెట్టలేం, అద్దె వసూలు చేయలేం. కనుక లాభం వచ్చే పనులను ప్రైవేటుకు ఇచ్చినప్పుడు కార్పొరేషన్‌కు మిగిలే సొమ్ములో ఒక వాటాను కాలువలకూ చెరువులకూ మాత్రమే ఖర్చు పెడతామని ఆ ఒప్పందంలోనే రాసుకోవాలి. నా మట్టుకు నాకు, నగరం పదికాలాల పాటు నిలవాలన్న మాటకు తిరుపతిలో మొదటి పరీక్ష ఈ వాన నీరే.

ఊరివాళ్లను పిలవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్రతి స్మార్ట్ సిటీలోనూ ఒక సలహా వేదిక ఉండాలనీ, అందులో కలెక్టరు, ఎంపీ, ఎమ్మెల్యే, మేయరుతో పాటు నివాసుల సంఘం, పన్ను చెల్లింపుదారుల సంఘం, మురికివాడల సమాఖ్య ప్రతినిధులకు చోటివ్వాలనీ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. మిషన్ గడువు తీరిందన్న సాకుతో ఆ వేదికను అటకెక్కించకుండా, పీపీపీ ప్రతిపాదనలన్నీ టెండరుకు ముందు దాని ఎదుట పెట్టాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇంకా గట్టిది: వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే తమలోంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి.

ఇది ఎందుకు ముఖ్యమో ఆర్టీసీ బస్టాండు స్థానంలో బహుళ రవాణా కేంద్రం కట్టాలన్న ప్రతిపాదనను చూస్తే తెలుస్తుంది. నమూనా బొమ్మలో అద్దాల భవనం, ఎస్కలేటర్లు, దుకాణాలు ఉంటాయి. తెల్లవారుజామున బస్సు దిగిన యాత్రికుడికి వేడి ఇడ్లీ అందించే తోపుడు బండి, పూలబుట్ట పెట్టుకుని మెట్ల పక్కన కూర్చునే అవ్వ, లగేజీ కోసం ఎదురుచూసే ఆటో డ్రైవరన్న, వీళ్లు ఆ బొమ్మలో ఎక్కడా ఉండరు. కట్టినన్నాళ్లూ వాళ్లెక్కడికి పోవాలి, కట్టాక లోపల వాళ్లకు ఎన్ని చదరపు అడుగులు, అద్దె ఎంత అన్న మూడు సంగతులు టెండరు పత్రంలోనే తేలాలి. భవనం లేచాక దయతలచి ఇస్తే అది ఎవరికి దక్కుతుందో మనకు తెలియనిది కాదు. రోజూ కొండకు వెళ్లే వేలాది యాత్రికులకు ఇక్కడ ఓటు లేదు. వాళ్ల తరఫున మరుగుదొడ్డి, తాగునీరు, నీడ ఉచితంగా ఉండాలని పట్టుబట్టవలసింది దేవస్థానమే.

చివరిగా ఒక విన్నపం. కార్పొరేషన్, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా), స్మార్ట్ సిటీ సంస్థ చేసుకున్న ప్రతి పీపీపీ ఒప్పందంలో ఎన్నేళ్లు, ఎవరికెంత, సేవ తప్పితే జరిమానా ఎంత, గడువు తీరాక ఆస్తి ఎవరిది అన్న నాలుగు అంశాలను రెండు పేజీల్లో తెలుగులో రాసి ప్రతి వార్డు సచివాలయంలోనూ అంటించాలి. వాణిజ్య రహస్యం అని అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు. ప్రజాధనంతో ముడిపడిన చెల్లింపు షరతులు రహస్యమెలా అవుతాయో వాళ్లే చెప్పాలి. ఎవరూ అడగకముందే సమాచారాన్ని వెల్లడించాలనీ, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలనీ 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎప్పుడో చెప్పింది కనుక, ఇందుకు కమిషనరు గారి సంతకంతో ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.