బొట్టు మామ్మకి రంగం నుంచి వచ్చిన కబురు

కాకినాడ

ఒరేయ్ చంటీ,

చెల్లెమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కగలుగుతోందా? ఈ సంగతి ఫోన్లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కి ఆపేశాను. ఇది కూర్చుని రాయాల్సిన సంగతి. పైగా చివర్లో నిన్నొకటి అడగాలి. దానికి నువ్వు తీరిగ్గా గుర్తు చేసుకుని జవాబు రాయాలి.

మా ఊళ్లో పెంకుటిల్లు విప్పించేస్తున్నామని చెప్పాను కదా. దూలాలన్నీ బర్మా టేకు, ఇప్పటికీ మేకు దిగడం లేదు. అటక మీద తాతయ్య ట్రంకు పెట్టె దొరికింది. నాన్న పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. లోపల శిస్తు రసీదులు, పాత పంచాంగాలు, ఒక చుట్టల డబ్బా. ఆ డబ్బాలో ఒక కవరు, కవరులో నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. కాగితం ఎంత పల్చగా ఉందంటే, వెలుతురుకి పట్టుకుంటే వెనకవైపు రాత కూడా కనిపిస్తోంది. సిరా గోధుమరంగుకి తిరిగిపోయింది. నాలుగు మూలలా పసుపు రాశారు. ఒక మూల మాత్రం చెద తినేసింది.

మొదలే ఇలా ఉంది: "చి. తమ్ముడిని దీవించి మీ అన్న వ్రాయునది. యిచ్చట మేము క్షేమము. పిన్నికి నా నమస్కారములు చెప్పగలవు." పైన కుడివైపున రంగం అని ఊరి పేరు.

రంగం అంటే రంగూనేరా. మన చిన్నప్పుడు ముసలాళ్లెవరూ రంగూన్ అనేవారు కాదు కదా. రంగం వెళ్లాడు, రంగం డబ్బు, అంతే.

ఇక్కడే నాకు తల తిరిగింది. మా తాతయ్యకి అన్నలు లేరు. ఆయనకంటే పెద్దది ఒక్క అక్కే. మన బొట్టు మామ్మ.

ఆవిడ నీకు గుర్తులేకపోవడం ఏముంది! మీ అరుగూ మా అరుగూ పక్కపక్కనే. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, సగం పగిలిన అద్దం ముందు కూర్చుని, నుదుటికి మైనం రాసి, చెక్క భరిణెలోంచి ఉంగరం వేలితో కుంకుమ తీసి అద్దుకునేది. రూపాయి బిళ్లంత బొట్టు. తర్వాత కొంగు కొసని నోటితో తడిచేసి, గుండ్రంగా అంచు దిద్దుకునేది. అది అయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు. మనం గుమ్మంలో నిలబడి చూస్తుండేవాళ్లం. ఆ పేరు పెట్టింది మనమే కదా, ఊరంతా అదే అనేశారు.

మా ఇంట్లో చెప్పుకునే కథ నీకూ తెలుసు. ఆవిడ భర్త రంగం వెళ్లాడనీ, అక్కడ గొడవల్లో చనిపోయాడనీ, ఆ దెబ్బకి మామ్మకి మతి కొంచెం తప్పి బొట్టు తియ్యనివ్వలేదనీ. ఊళ్లో ఆవిడని పేరంటాలకి పిలిచేవారు కాదు. పెళ్లిళ్లలో పెరట్లో కూర్చుని కూరలు తరిగేది. పీటల దగ్గరికి రావద్దని మా అమ్మే చెప్పడం నేను విన్నాను. మొండితనం అన్నవాళ్లున్నారు, పిచ్చి అన్నవాళ్లున్నారు.

ఆ గొడవలు నిజంగా జరిగినవే. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో మన తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలవాళ్లు బర్మా కూలీలని పనిలో పెట్టుకున్నారు. తర్వాత మనవాళ్లతో రాజీ కుదిరింది, బర్మా వాళ్లని పొమ్మన్నారు. 26వ తేదీన రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కోరంగి నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లమని బర్మా వాళ్లు మనందర్నీ కోరంగీలనే పిలిచేవారట. మన తాళ్లరేవు పక్క ఊరి పేరు, సముద్రం అవతల ఒక జాతి పేరైపోయింది చూడు. ఆ రోజుల్లో బతికి బయటపడ్డవాళ్లు దొరికిన ఓడ ఎక్కి వచ్చేశారు. వాళ్లలో ఎవరో మామ్మ భర్త పోయాడని చెప్పారు. అంతే, అదే ఖాయమైపోయింది. ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పుడే తడుతోంది. ఆయనకి మామ్మ అత్తవారు గానీ మేం గానీ ఎప్పుడూ తద్దినం పెట్టలేదు. పోయిన తిథి ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద ఇంట్లో అది ఎవరూ అడగలేదు.

సరే, ఉత్తరం దగ్గరికి వస్తాను. ముందు ఈ అన్న ఎవరు? ఇంగ్లీషులో అయితే కజిన్ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు, ఎటు చుట్టమో తేలదు. మన భాషలో వరసే దారి చూపిస్తుంది. మా తాతయ్య తల్లిని ఈయన పిన్ని అంటున్నాడు. అంటే తండ్రులు అన్నదమ్ములైనా అయ్యుండాలి, తల్లులు అక్కచెల్లెళ్లైనా అయ్యుండాలి. కింద సంతకంలో ఇంటిపేరు మాది కాదు. అయితే తండ్రుల వైపు కాదు. తాతయ్య తల్లికి అక్క ఉండేదన్నమాట, ఈయన ఆవిడ కొడుకన్నమాట. సామర్లకోటలో మా మేనత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి కానీ చుట్టరికాల్లో ఒక్కటి తప్పదు. "మా నాయనమ్మకి అక్క ఉండేదిరా, భీమిలి ఇచ్చారు. ఆ వైపు రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి" అంది.

తర్వాత తేదీ. "ఈశ్వర నామ సం. శ్రావణ బ." అని ఉంది, తిథి చెద తినేసింది. ఈశ్వర అరవై ఏళ్లకొకసారి వస్తుంది, 1877, 1937, 1997. ఏదో తేల్చింది కవరు మీద స్టాంపు. అయిదో జార్జి బొమ్మ ఉన్న మన ఇండియా స్టాంపే, దానిమీద నల్లగా ఇంగ్లీషులో బర్మా అని అచ్చు. స్టాంపులు సేకరించే మాస్టారొకాయన ఇక్కడ ఉన్నారు, ఆయనకి చూపించాను. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు, ఆ రోజునుంచే అక్కడ ఇలా అచ్చు కొట్టిన స్టాంపులు వాడారని చెప్పారు. ఉత్తరంలో కూడా ఉంది: "యీ ఏప్రిల్ నుండి యిది వేరే దేశమైనదని చెప్పుచున్నారు. మాకు మాత్రము మోయుటకు బస్తాలు అవియే." ఆయన ధాన్యం మిల్లులో పనిచేసేవాడు. కాబట్టి ఇది 1937 ఆగస్టు నెలాఖరు ప్రాంతంలో రాసిన ఉత్తరం. గొడవలు జరిగిన ఏడేళ్లకి.

చంటీ, ఇప్పుడు మూడో పేజీ విను. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"చి.ల.సౌ. చెల్లెలిని దీవించినానని చెప్పగలవు. బావ యిచ్చటనే వున్నాడు. నేను కండ్లారా చూచి మాటలాడితిని. అతని మిగతా సంగతులు కలముతో వ్రాయదగినవి కావు. వూరిలో యెవరేమి అనుకున్ననూ చెల్లెలు పసుపుకుంకుమలతో వుండవలసినదే. యీ ముక్క దానికి చదివి వినిపించవలెను."

ల.సౌ. అన్న ఆ రెండక్షరాలు చూసి నేను మెట్ల మీద అలాగే కూలబడ్డాను. ఆ కాలంలో ఉత్తరం రాసేవాళ్లు వీటిలో పొరపాటు చేయరు. భర్త ఉన్న మనిషి లక్ష్మీ సౌభాగ్యవతి, భర్త పోయిన మనిషి గంగాభాగీరథీ సమానురాలు. ల.సౌ. రాయాల్సిన చోట గం.భా. పడితే శుభం కాదని చింపి మళ్లీ రాసేవారు. ఊరంతా గం.భా. అనుకుంటున్న మనిషికి, రంగం నుంచి ఒక అన్న చి.ల.సౌ. అని రాశాడు. తెలిసే రాశాడు, గట్టిగా రాశాడు. మామ్మకి మతి తప్పలేదురా. ఆవిడ చేసిందే సరైనది.

రెండు వారాలు నిద్ర పట్టలేదు. చివరికి భీమిలి వెళ్లాను. ఆ ఇంటిపేరు చెప్పి నాలుగు వీధులు తిరిగితే, ఒక పెద్దాయన "వాళ్లు రంగంలోనే ఉండిపోయారు, చాలా కాలానికి వచ్చారు, విశాఖలో బర్మా క్యాంపులో చూడండి" అన్నాడు. కంచరపాలెం దగ్గర ఆ క్యాంపు నీకు తెలుసు కదా. మూడో రోజుకి ఇల్లు దొరికింది. ఉత్తరం రాసినాయన కూతురు ఉంది. రంగూన్లో పుట్టిన మనిషి, ఎనభై అయిదు దాటాయి. నేను ఉత్తరం తీసి చేతిలో పెడితే అక్షరాలు తడిమి చూసి, "నాన్న రాతే" అంది. చదవను కూడా లేదు. తర్వాత వేళ్లు మడిచి లెక్క కట్టి, "అయితే నువ్వు నాకు మేనల్లుడివి" అంది. భోజనం పెట్టకుండా కదలనివ్వలేదు.

వాళ్లు 1964లో వచ్చేశారట. అప్పటికి బర్మా ప్రభుత్వం దుకాణాలన్నీ తీసేసుకుంది. ఆ ఏడు మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు, చాట్ అంటే అక్కడి రూపాయిలాంటిది. వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు కూడబెట్టింది చాలావరకు ఆ నోట్లలోనే ఉందిట. ఓడ ఎక్కేటప్పుడు మెళ్లో గొలుసులు కూడా ఉంచుకోనివ్వలేదంది. ఆవిడ చెవులకి ఇప్పటికీ ఏమీ లేవు. ఎందుకు పెట్టుకోలేదని నేను అడగలేదు.

మామ్మ భర్త గురించి అడిగాను. ఆవిడ దాచలేదు. 1930లో ఆయనకి దెబ్బలు తగిలాయి, నది అవతల దల్లాలో ఒక బర్మా కుటుంబం దాచిందిట. ఆ ఇంటి అమ్మాయితోనే కాపురం పెట్టాడు. ఒక బిడ్డ కూడా. మొహం చెల్లక ఇంటికి రాయలేదు. ఈవిడ నాన్నకి ఆయన ఏడేళ్లకి రేవులో కనిపించాడు. నాన్న అతని మీద చెయ్యి చేసుకున్నంత పని చేసి, అదే వారం ఈ ఉత్తరం రాశాడట. 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. రేవు దగ్గర జనం పిట్టల్లా రాలిపోయారు. మిగిలినవాళ్లు కాలినడకన పడ్డారు, లక్షల మంది. తాంగుప్ కనుమ దాటి అక్యాబ్ రేవు వైపు కొందరు, ఇంఫాల్ వైపు కొందరు. దారిలో కలరా. నాన్న నాలుగు రోజులు అతని కోసం వెతికాడు, దొరకలేదు. దల్లాలో ఉండిపోయాడా, నడుస్తూ పోయాడా, ఎవరూ చెప్పలేదు.

ఆ మనిషి మీద నాకు కోపమే. కానీ అంతకంటే ఎక్కువ మా తాతయ్య మీద వస్తోంది. ఆయన నన్ను ఎంత ముద్దు చేశాడో నీకు తెలుసు, ఆయన మీద ఇలాంటి మాట రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఉత్తరం చేతికొచ్చింది. దాచాడు, పారెయ్యలేదు. బావ బతికే ఉన్నాడని చెబితే రెండో కాపురం సంగతి కూడా బయటపడుతుందని, అక్క పరువు పోతుందని అనుకుని ఉంటాడు. పరువు కోసం ముప్పై ఎనిమిదేళ్లు ఆవిడని పిచ్చిది అననిచ్చాడు. ఒక్క పేరంటానికైనా పిలిపించి ఉండొచ్చు కదరా. అది నేను మర్చిపోలేను.

ఇంతకీ ఆవిడకి ఈ ఉత్తరం చదివి వినిపించాడా లేదా? నిన్ను అడగాల్సింది ఇదే. మామ్మకి చదువు రాదు. బడి నుంచి రాగానే మీ అరుగు మీద కూర్చుని వారపత్రిక కథలు చదివి పెట్టేవాడివి నువ్వే, నాకంటే నీ గొంతు బాగుంటుందని. మనం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, మామ్మ ఒక పాత కాగితం తెచ్చి చదివించుకుందనీ, అక్షరాలు సరిగా అర్థం కాలేదనీ, మళ్లీ మళ్లీ ఒకే చోట చదవమందనీ నువ్వు చెప్పినట్టు నాకు లీలగా గుర్తు. నేను కల్పించుకుంటున్నానేమో కూడా. అందుకే ఉత్తరం నాలుగు పేజీలూ ఫొటోలు తీయించి ఈ కవర్లో పెడుతున్నాను. మూడో పేజీలో "ళ" చూడు, తోక బాగా కిందికి లాగి రాస్తాడు. ఆ రాత చూస్తే నీకేమైనా తడుతుందేమో. తొందర లేదు, రెండు రోజులు దగ్గర పెట్టుకుని చూడు.

మామ్మ భరిణె నా దగ్గరే ఉంది. అడుగున కుంకుమ ఇంకా కొంచెం అంటుకుని ఉంది. దాన్ని విశాఖ అత్తయ్యకి ఇద్దామనుకుంటున్నాను, మా ఆవిడ కూడా అదే మంచిదంది. సంక్రాంతికి నువ్వొస్తే ఇద్దరం కలిసి వెళ్దాం. మామ్మకి కథలు చదివి పెట్టిన కుర్రాడు ఉన్నాడని చెప్పాను, తీసుకురమ్మంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. జవాబు రాయి.

నీ,
పక్కింటివాడు