పుట్టిన ఏడాదైనా చూడలేదా?

సంపాదకులకు నమస్కారం.

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి జయంతికి మీరు వేసిన బాక్సు వార్త చదివి వారం దాటింది. ఊరుకుందామనుకున్నాను. నిన్న మా మనవరాలు ఉపన్యాస పోటీ కోసం ఆ ముక్కే కత్తిరించి నోట్‌బుక్కులో అతికించుకుని, ‘దేశంలోనే తొలి మహిళా డాక్టర్’ అని బట్టీ పడుతుంటే ఉండబట్టలేక రాస్తున్నాను.

ఆవిడ పుదుక్కోటలో పుట్టింది 1886లో. ఆనందీబాయి జోషీ అమెరికాలో డాక్టరు పట్టా అందుకున్నదీ, కలకత్తాలో కాదంబినీ గంగూలీ డాక్టరైందీ అదే ఏడాది! పుట్టిన తేదీ మీ వార్తలోనే ఉంది. అచ్చుకు పంపేముందు చదివే మనిషే లేరా? ఇదివరకు పేపర్లో తప్పు పడితే మర్నాడే సవరణ వచ్చేది.

అంతకన్నా బాధ, దేవదాసీ అన్న మాటే వార్తలో లేకపోవడం. ఆవిడ తల్లి ఆ కుటుంబాల నుంచి వచ్చినవారే. ముత్తులక్ష్మిగారు మద్రాసు శాసనమండలికి తొలి మహిళా సభ్యురాలై, ఆడపిల్లల్ని గుడికిచ్చే ఆ ఆచారం తప్పని చెప్పి ఊరుకోలేదు. గుడిసేవ మానేస్తే మాన్యం పోతుంది, ఆపైన తిండెలా అన్న భయమే ఆ ఆడవాళ్లను కట్టేసిందని ఆవిడకు తెలుసు. అందుకే సేవ మానినా భూమి వాళ్లకే ఉండేలా 1929లో చట్టం తెప్పించారు. నెల్లూరు, గుంటూరు అప్పుడు ఆ మద్రాసులోవే కదా! ఆశ్రయం కోరి వచ్చిన పిల్లల్ని హాస్టళ్లు వద్దంటే సొంతింట్లో పెట్టుకున్నారు. అవ్వై హోం అలా మొదలైంది. ఆడపిల్లల్ని గుడికి అర్పించడాన్ని నిషేధించే చట్టం మాత్రం 1947 దాకా రాలేదు.

మన రాష్ట్రంలో 1988లో మళ్లీ చట్టం చేశారు. అయినా దేవత పేరిట జోగినిగా, మాతమ్మగా పిల్లల్ని వదిలారన్న వార్తలు మీ పేపర్లోనే చదివాను. ప్రతిసారీ అధికారులది ఒకటే మాట, ‘విచారణ జరిపిస్తాం’. ఆ విచారణ ఏమైందో మీరూ మళ్లీ అడగరు.

నేను నెల్లూరులో నర్సుగా చేసినప్పుడు, క్యాన్సరని తేలితే డాక్టర్లు చీటీ మీద ‘అడయార్’ అని రాసేవారు, మద్రాసు అడయార్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లమని. అడ్రసు ఎలా కనుక్కోవాలో చెప్పి, ఆ చీటీని ఎందరి చేతుల్లో పెట్టానో. చెల్లెలు క్యాన్సరుతో పోయాక పట్టుబట్టి, 1954లో 12 పడకలతో ఆ ఆసుపత్రి తెరిపించింది ఈ ముత్తులక్ష్మిగారే. తమిళనాడు ప్రభుత్వం ఆవిడ పుట్టినరోజు జూలై 30ని ఆసుపత్రి దినంగా జరుపుతోంది.

పోటీ శుక్రవారం. తప్పని నేను చెబితే మనవరాలు నమ్మింది కానీ వాళ్ల టీచరు ‘పేపర్లో ఉంది కదా’ అన్నారట. గురువారం లోపు సవరణ వేయండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నెల్లూరు