దొంగలు పడిన రోజే ఖాతాదారుకు కబురందాలి

సంపాదకులకు,

ముప్పై ఏళ్ల కిందటి మాట. నేను పనిచేస్తున్న పల్లెటూరి బ్యాంకు శాఖకు ఒక సోమవారం పొద్దున ఊడ్చడానికి వచ్చిన ఆమె వెనక కిటికీ చువ్వలు వంగి ఉండటం చూసి కేక పెట్టింది. ఆ తర్వాత గంటన్నర పాటు మేం చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒకరి తర్వాత ఒకరం లోపలికి వెళ్లి చూసొచ్చాం. కింద పడి ఉన్న రిజిస్టర్లు ఏరి బల్ల మీద సర్దాం. ఒకాయన ఆ చువ్వ ఎంత గట్టిగా ఉందో పట్టుకుని ఊపి మరీ చూశాడు. మేనేజరుగారు మొదటి ఫోను రీజినల్ ఆఫీసుకు చేశారు. అక్కడి పెద్దసారు లైన్లోకి వచ్చి ‘ఊఁ’ అన్నాకే పోలీస్ స్టేషన్‌కు కబురు వెళ్లింది. కుక్కను తెచ్చిన కానిస్టేబుల్ లోపలి పాదముద్రలు చూసి, ‘దొంగలు మొత్తం ఎంతమంది సార్, పన్నెండుగురా?’ అన్నాడు. మా స్టాఫ్ పన్నెండు మందిమి. అదృష్టం బాగుండి స్ట్రాంగ్‌రూమ్ తలుపు తెరుచుకోలేదు. పోయినవి గోడ గడియారం, టేబుల్ ఫ్యాను.

ఆ అదృష్టం అందరికీ ఉండదు. 2024 నవంబరు 18 రాత్రి వరంగల్ జిల్లా రాయపర్తి స్టేట్ బ్యాంకు శాఖలో దొంగలు కిటికీ గ్రిల్ తొలగించి లోపలికి దిగారు. గ్యాస్ కట్టర్‌తో బ్యాంకు సొంత లాకర్లు కోసి, దాదాపు 19 కిలోల తాకట్టు బంగారం ఎత్తుకుపోయారు. విలువ 13 కోట్ల పైమాటే. సీసీ కెమెరాల రికార్డు కూడా మిగల్చలేదు. డిసెంబరులో పోలీసులు ముగ్గుర్ని పట్టుకున్నప్పుడు దొరికింది రెండున్నర కిలోలు. ఊరి జనం బ్యాంకు ముందు గుమికూడి తమ నగల గురించి అడగడం టీవీలో చూశాను. గోల్డ్ లోన్ కౌంటర్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ ముఖాలు నాకు కొత్త కాదు. ఎరువులకనీ, కూలీలకనీ పుస్తెలతాడు తీసి కౌంటర్ మీద పెట్టి, మెడలో పసుపుకొమ్ముతో ఇంటికి వెళ్లిన వాళ్లు వాళ్లు.

నా ఉత్తరం ఆ జనం గురించే. దొంగతనం, కన్నం, దోపిడీ, బందిపోటు, వీటిలో ఏది జరిగినా, ప్రయత్నమే జరిగి ఆగిపోయినా, బ్యాంకు వెంటనే, ఎంత ఆలస్యమైనా ఏడు రోజులు దాటకుండా రిజర్వ్ బ్యాంకుకు తెలపాలని 2024 జులైలో వచ్చిన ఆదేశాల్లో ఉంది. మూడు నెలలకోసారి అన్నీ కలిపి మళ్లీ లెక్క పంపాలి. మరి బంగారం పెట్టిన మనిషికి ఎప్పుడు చెప్పాలి? 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు బంగారం, వెండి తాకట్టు రుణాలపై కొత్త ఆదేశాలిచ్చింది. వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. తాకట్టు సొత్తు పోతే రుణం తీసుకున్నవారికి ‘వెంటనే’ తెలపాలనీ, పరిహారం ఎలా, ఎప్పటికి ఇస్తారో కూడా చెప్పాలనీ వాటిలో ఉంది. మంచిదే. కానీ పైఆఫీసుకు ఏడు రోజులని గడువు రాసిన చోట ఖాతాదారు దగ్గరికొచ్చేసరికి ‘వెంటనే’ అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆఫీసు భాషలో ఆ మాటకు అర్థం ఎంత సాగుతుందో నాకు బాగా తెలుసు.

ఆ ‘వెంటనే’ అంటే అదే రోజు సాయంత్రం అని రాయాలి. కుదరదని బ్యాంకులు అంటే నమ్మకండి. తాకట్టు పెట్టిన ప్రతి నగనూ అప్రైజర్ తూచి, గీటు పెట్టి చూసి, వివరాలు రాసిస్తాడు. ఆ నగను ఉంచే సంచి, అంటే పౌచ్ మీద ఖాతా నంబరు ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికి లోపల ఎన్ని పౌచ్‌లు ఉన్నాయో కంప్యూటర్‌లో ఉంటుంది. మిగిలినవి లెక్కపెడితే పోయినవి ఎవరివో తేలుతుంది. పోలీసుల పంచనామా కాగానే ఇద్దరు మనుషులు కూర్చుంటే ఒక పూట పని. అది చేయకుండా ‘నష్టాన్ని అంచనా వేస్తున్నాం’ అని నాలుగు రోజులు నాన్చితే, నగ భద్రంగా ఉన్నవాళ్లు కూడా నాలుగు రాత్రులు నిద్ర మానుకోవాలి.

చెబితే జనం ఎగబడతారని మా ఆఫీసర్లు భయపడేవారు. చెప్పకపోయినా ఎగబడతారు. కాకపోతే వాట్సాప్‌లో వచ్చిన అబద్ధం పట్టుకుని వస్తారు.

కాబట్టి ఆ సాయంత్రానికి ప్రతి గోల్డ్ లోన్ ఖాతాదారుకూ తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి: మీ పౌచ్ ఉంది, లేదా పోయింది, ఫలానా వారిని కలవండి అని. ఫోన్ నంబరు మారిన ముసలివాళ్లుంటారు కాబట్టి శాఖ తలుపు మీద రుణఖాతా చివరి నాలుగు అంకెలతో జాబితా అంటించాలి. గ్రామ పంచాయతీలోనూ ఒకటి పెట్టొచ్చు.

పరిహారం దగ్గర అసలు పేచీ ధర గురించి. రాయపర్తి ఘటన నాటికి పది గ్రాముల మేలిమి బంగారం 75 వేల పైచిలుకు. ఏడాది తిరక్కుండానే లక్షా 20 వేలు దాటింది. నగ పోయిన రోజు ధర కట్టిస్తారా, డబ్బు చేతికిచ్చే రోజు ధరా? మూడు తులాల గొలుసు మీదే తేడా లక్ష దాటుతుంది. ఆ డబ్బుతో మళ్లీ అంత బంగారం కొనుక్కోగలిగితేనే దాన్ని పరిహారం అనాలి. నగ పోయిన రోజు నుంచి ఆ అప్పు మీద వడ్డీ కూడా ఆపాలి. ఈ రెండు మాటలూ లోన్ పత్రంలోనే ముందుగా రాసి ఇస్తే తర్వాత ధర్నాలు ఉండవు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మనం అద్దెకు తీసుకునే లాకర్ వేరు, తాకట్టు బంగారం వేరు. లాకర్‌లో ఏముందో బ్యాంకుకు తెలియదు. దొంగలు పడినా, అగ్నిప్రమాదం జరిగినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు అని 2022 నుంచి నిబంధన. రెండు వేలు అద్దె కట్టేవారికి రెండు లక్షలన్నమాట. లోపల ఇరవై తులాలు ఉన్నా అంతే. ఈ విషయం లాకర్ ఇచ్చేటప్పుడు నోటితో చెప్పే శాఖ నాకైతే కనిపించలేదు.

ఇక శాఖలోపల చేయాల్సిన పని. 2025 సెప్టెంబరులో కర్ణాటకలోని విజయపుర జిల్లా చడచణ బ్యాంకు శాఖలో ముసుగులతో వచ్చినవాళ్లు ఉద్యోగులను కట్టేసి సుమారు 20 కిలోల బంగారం పట్టుకుపోయారు. అలాంటప్పుడు ఎదురు తిరగొద్దు. అదే ఏడాది జనవరిలో బీదర్‌లో ఏటీఎం డబ్బు తీసుకెళ్తున్న సిబ్బందిపై కాల్పులు జరిగి ప్రాణం పోయింది. డబ్బుకు బీమా ఉంటుంది. దొంగలు వెళ్లగానే మాత్రం తలుపులు మూసి, లోపలున్న ఖాతాదారులను సాక్షులుగా కూర్చోబెట్టి 112కు ఫోన్ చేయాలి. రీజినల్ ఆఫీసుకు తర్వాత చెప్పొచ్చు. ఎవరు చూసింది వాళ్లు, పక్కవాళ్లతో మాట్లాడకముందే కాగితం మీద రాసుకోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాక, ఒకరు ఎర్ర చొక్కా అంటే అందరికీ ఎర్రగానే గుర్తుంటుంది. ‘మా పరిధి కాదు’ అని పోలీసులు అనడానికీ లేదు. 2024 జులై 1 నుంచి ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

వెంటనే కదిలితే ఫలితం ఉంటుందనడానికి తమిళనాడులోని హోసూరు ఉంది. 2021 జనవరిలో అక్కడి బంగారు రుణాల సంస్థలో పట్టపగలు 25 కిలోలు దోచుకుని బయల్దేరిన ముఠా మర్నాటికే హైదరాబాద్ పొలిమేరల్లో దొరికింది. నగల మధ్య పెట్టిన జీపీఎస్ పరికరం దారి చూపింది. చిన్న పరికరం. వేల కోట్ల లాభాలు ప్రకటించే బ్యాంకులకు పల్లె శాఖల్లో పెట్టడానికి బరువా?

పత్రికలకూ టీవీలకూ ఒక విన్నపం. ఏ గోడ పల్చగా ఉంది, ఏ కెమెరా పనిచేయడం లేదు అని ఎరుపు గుండ్రాలు గీసి మరీ చూపించకండి. బ్యాంకు ప్రకటనలో కూడా ఆ వివరాలు అక్కర్లేదు. విజయపుర జిల్లాలోనే మనగూళిలో 2025 మేలో దాదాపు 59 కిలోల బంగారం పోతే, అంతకుముందు అక్కడ మేనేజరుగా చేసిన మనిషినే పోలీసులు అరెస్టు చేశారు. లోగుట్టు తెలిసినవాళ్లు ఎంత ప్రమాదమో చూశాం కదా, ఊరందరికీ తెలియజేయడం దేనికి?

కలెక్టర్ల అధ్యక్షతన జిల్లా సంప్రదింపుల కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని రుణ లక్ష్యాలు చూస్తుంది. వచ్చే సమావేశంలో లీడ్ బ్యాంకు మేనేజర్లు, అంటే జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసేవాళ్లు, ఇంకొక అంశం చేర్చాలి. జిల్లాలోని ప్రతి శాఖలో, దొంగలు పడిన రోజు ఖాతాదారులకు ఫోన్ చేయాల్సిన ఉద్యోగి పేరు ఇప్పటికే రాసి ఉందా లేదా అన్నది అడగాలి. మా శాఖలో ఉండేది కాదు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, జనగామ